మెత్తగా చెప్పే విద్య

రంలత్‌కు ఆ శిక్షణలో మొదటి రోజే సుద్దముక్క దెబ్బ తగిలింది.

ఆర్నెల్ల శిక్షణ అది. క్యాన్సర్ ముదిరి ఇక నయం కాదని తేలినవాళ్ళను చివరిదాకా బాధ లేకుండా ఎలా చూసుకోవాలో నర్సులకు నేర్పే పైచదువు. కేరళలోని కోళికోడ్‌లో ఒక పాత పెంకుటింట్లో నడిచేది. పాఠం చెప్పే అన్నక్కుట్టి సిస్టర్ నలభై ఏళ్ళు వార్డుల్లో నిలబడి మోకాళ్ళు అరగదీసుకున్న మనిషి. ఆవిడే రోగిలా మంచమెక్కి పడుకునేది. నర్సులు ఒక్కొక్కరే వచ్చి ఆవిడకు జబ్బు సంగతి చెప్పాలి.

"సిస్టరమ్మా, నాకు తగ్గుతుందా?" అని మూలిగింది అన్నక్కుట్టి.

"ఏం భయపడకండి, అన్నీ సర్దుకుంటాయి," అంది రంలత్. పదహారేళ్ళుగా వార్డులో నోటికి అలవాటైన మాట.

దిండు కింద దాచిన సుద్దముక్క వచ్చి నుదుటికి తగిలింది.

"సర్దుకోవడానికి నాకున్నది చీర కుచ్చిళ్ళటే? నెల రోజుల్లో పోయే మనిషిని! నువ్వేమో నిలబడి, గోడ గడియారం చూసుకుంటూ, పచ్చి అబద్ధం ఆడుతున్నావు. కుర్చీ లాక్కో. కూర్చో. నాకేం తెలుసో ముందు నన్నడుగు."

పద్నాలుగు మంది నర్సులూ పగలబడి నవ్వారు. రంలత్ చెవులు ఎర్రబడ్డాయి. ఆ పౌరుషంతోనే నేర్చుకుంది. ఎదుటి మనిషి కళ్ళ ఎత్తున కూర్చోవడం, అడిగి ఊరుకోవడం, ఏడ్చేవాళ్ళను ఏడవనివ్వడం, చేదు నిజాన్ని గుటకలు గుటకలుగా తాగించడం, అన్నీ నేర్చుకుంది. నాలుగో నెల వచ్చేసరికి ఆమె మాట్లాడుతుంటే మంచం మీద నటిస్తున్న అన్నక్కుట్టి కళ్ళే చెమ్మగిల్లాయి.

ఆ తరగతిలో అందరికన్నా వెనకబడింది సరళ. బేపూరు పంచాయతీ తరఫున ఇల్లిల్లూ తిరిగి మంచాన పడ్డవాళ్ళను చూసే నర్సు. ఆమెకు మాట రాదు. వస్తే రాయిలా వస్తుంది. పరీక్ష రోజు రోగి ముందు కూర్చుని, "మీకు క్యాన్సర్. బాగా ముదిరింది. టీ తాగుతారా?" అంది. నవ్వినవాళ్ళలో రంలతే ముందు.

చివరి రోజు పత్రాలు ఇస్తూ అన్నక్కుట్టి ఒక్కటే చెప్పింది. "మాటా ఉండాలి, మాత్రా ఉండాలి. చేతిలో మాత్ర లేకుండా మాట ఇవ్వొద్దు. ఇస్తే అది మోసం."

రంలత్ మొదటి స్థానంలో నెగ్గి, ఫెరోక్ పక్కన తను పనిచేసే ప్రైవేటు ఆసుపత్రికి తిరిగి వచ్చింది. సూపరింటెండెంట్ డాక్టర్ శశాంకన్ ఆమెకొక గది ఇప్పించాడు. రెండు మెత్తటి కుర్చీలు, ఒక సోఫా, గోడ మీద జలపాతం బొమ్మ. తలుపు మీద ఆమె పేరు.

"సార్, మార్ఫిన్ మాత్రలు?" అని అడిగింది. గట్టి నొప్పిని అణిచే మత్తుమందు అది; ఉంచుకోవాలంటే ఆసుపత్రికి అనుమతి ఉండాలి, రెండు తాళాల బీరువా కావాలి, ఒక డాక్టరు పూచీ పడాలి.

"దరఖాస్తు పెట్టాం. వచ్చేస్తుంది. నువ్వు మొదలెట్టు," అన్నాడాయన.

మొదలెట్టింది. డాక్టర్లు రెండు ముక్కల్లో చెప్పి తప్పుకునే సంగతిని ఆమె గంటసేపు కూర్చుని చెప్పేది. వినడానికి వచ్చినవాళ్ళు ఏడ్చేవాళ్ళు, తేరుకునేవాళ్ళు, చివర్లో ఆమె చేతులు పట్టుకునేవాళ్ళు. "ఇక్కడ గొట్టాల మధ్య ఎందుకు, ఇంట్లో అయినవాళ్ళ మధ్య ఉంటాను," అనే నిర్ణయానికి వాళ్ళంతట వాళ్ళే వచ్చినట్టు వచ్చేవాళ్ళు. రంలత్‌కు గర్వంగా ఉండేది. ఇంట్లో బియ్యప్పిండి పత్తిరి రొట్టెలు కాలుస్తూ ఆ మాటలే తలుచుకునేది.

మూడో నెలలో ఒకనాడు, టీ తాగే వేళ, అందరూ అక్కా అన్నట్టు చేచీ అని పిలిచే వార్డు పెద్ద నర్సు ఓమన పక్కన కూర్చుంది.

"నీ నోట్లో తేనె పట్టు ఉందే. నీ గదిలోకి వెళ్ళినవాళ్ళు మళ్ళీ నా వార్డుకు రావడం లేదు."

"అది మంచిదేగా చేచీ? ఇంటి దగ్గర ప్రశాంతంగా..."

"ఎవరికి మంచిది? నాణ్యత చూడ్డానికి పై నుంచి మనుషులు వస్తున్నారట. ఇక్కడ చావులెన్ని జరిగాయో లెక్క అడుగుతారట. ఇంటికెళ్ళి పోయినవాళ్ళు ఆ లెక్కలోకి రారు. నీ దగ్గరికి ఎవర్ని పంపాలో శశాంకన్ సార్ ప్రతి సోమవారం చీటీ రాస్తాడు, తెలుసా నీకు?"

రంలత్ గ్లాసు కింద పెట్టింది. "వాళ్ళు ఎలాగూ పోయేవాళ్ళే చేచీ."

"కాదన్నానా? ఎలా పోతున్నారని అడుగుతున్నాను," అని లేచి వెళ్ళిపోయింది ఓమన.

ఆ మాట రంలత్‌కు పడిశం పట్టినట్టు రెండు రోజులు పట్టి వదిలేసింది. తలుపు మీద పేరు ఉన్న మనిషికి అలాంటి మాటలు ఎక్కువ కాలం నిలవవు.

ఆ వారం చీటీలో వచ్చిన పేరు మొయ్దీన్ కోయ. బేపూరులో పెద్ద చెక్క ఓడలను తాళ్ళు కట్టి నీళ్ళలోకి లాగే ఖలాసీల మేస్త్రీ. నలభై మంది ఒక్క ఊపున లాగాలంటే ఒకడు గొంతెత్తి పాట అందుకోవాలి. ఆ గొంతు ఆయనదే. ఏటి అవతలి ఒడ్డుకు వినిపించేదట. ఇప్పుడు జబ్బు వెన్నెముకలోకి పాకింది. వార్డులో మాత్రమే ఇవ్వగల వేరే సూది మందు నిరంతరం ఎక్కుతుండబట్టి నొప్పి అణిగి ఉంది.

ఆయన భార్య బియ్యాత్తు సోఫా అంచున కూర్చుంది. కోయను చక్రాల కుర్చీలో తెచ్చారు. రంలత్ నేర్చినదంతా చేసింది. చివరికి కోయే అన్నాడు.

"ఇంటికే పోతా సిస్టరమ్మా. ఏటి గాలి తగిలితే చాలు. చావుకు భయపడను. కాని ఆ నొప్పి ఉంది చూడు, అది మళ్ళీ రాకూడదు. ఓడ లంగరు వెన్నులో దించి లాగినట్టుంటుంది."

"రాదు ఇక్కా," అంది రంలత్, అన్నను పిలిచినంత ఆప్యాయంగా. "మాత్రలు ఇస్తాం. నేను చూసుకుంటాను."

బియ్యాత్తు అప్పుడు మొదటిసారి నోరు విప్పింది. "నిజంగా రాదా మోళే, నా తల్లీ? ఇంట్లో నాకేం చేతకాదు. రానట్టయితేనే తీసుకెళ్తాను."

"నేనున్నాను కదా ఉమ్మా," అంది రంలత్.

అంతకు ముందే డాక్టర్ శశాంకన్‌ను అడిగింది. అనుమతి పత్రం సోమవారం చేతికొస్తుందని ఆయన చెప్పాడు. అలాంటి సోమవారాలు అప్పటికే అయిదారు గడిచాయి. ఆ సంగతి ఆమెకు తెలుసు. కాని ఆ జంట ముందు అంత చక్కగా సాగిన మాటను ఆ ఒక్కచోట తెంచడం ఆమె వల్ల కాలేదు.

సోమవారం వచ్చింది, పత్రం రాలేదు. మంగళవారం బియ్యాత్తు ఫోను చేసింది. రంలత్ మామూలు నొప్పి మాత్రలు ఒకటికి రెండు వేయమంది. బుధవారం మళ్ళీ ఫోను. ఈసారి బియ్యాత్తు మాట వినపడలేదు, వెనక నుంచి ఇంకో చప్పుడు వినపడింది. ఎద్దు రంకెలాంటిది.

రంలత్ సూపరింటెండెంట్ గదికి పరుగెత్తింది. "సార్, మళ్ళీ చేర్చుకుందాం. సూది మందైనా..."

"ఇంటికని నువ్వేగా ఒప్పించావు? ఇప్పుడు తెస్తే నీ విభాగానికే పరువు తక్కువ. మంచం కూడా లేదు. నాలుగు రోజులు ఓపిక పట్టమను."

నాలుగు కాదు, ఎనిమిది రోజులు గడిచాయి. ఆ ఎనిమిది రోజులూ సరళ నంబరు రంలత్ ఫోనులోనే ఉంది. పంచాయతీ క్లినిక్‌లో మార్ఫిన్ ఉంటుందని తెలుసు. సరళ ఇల్లు కోయ ఇంటికి నాలుగు వీధుల దూరమని కూడా తెలుసు. మొదటి స్థానంలో నెగ్గిన తను, "టీ తాగుతారా" సరళను సాయం అడగడమా? రేపు పత్రం వస్తుంది, ఎల్లుండి వస్తుంది అనుకుంటూ వేలు ఆ పేరు దాకా వెళ్ళి వెనక్కి వచ్చేది.

పదకొండో రోజు పొద్దున సెలవు పెట్టి బస్సెక్కింది. సందు మొదట్లో దిగగానే ఆ గొంతు వినపడింది. ఎండపూట కూడా వీధిలో ఇళ్ళ కిటికీలు మూసి ఉన్నాయి. పాటకు ఊపు ఇచ్చిన గొంతు, ఊరంతటికీ తెలిసిన గొంతు. ఎవరికీ వినకుండా ఉండే వీలు లేదు.

లోపల కోయ మంచం పట్టెను పళ్ళతో కొరుకుతున్నాడు. రంలత్ కుర్చీ లాక్కుని, కళ్ళ ఎత్తున కూర్చుంది. ఇంకేం చేయాలో తెలియలేదు. ఆయన ఆమెను గుర్తుపట్టాడు.

"రాదన్నావుగా," అన్నాడు.

ఆమె వాకిట్లోకి వచ్చి సరళకు ఫోను చేసింది.

సరళ ఏమీ అడగలేదు. "ఇంటి గుర్తు చెప్పు," అంది. ఇరవై నిమిషాల్లో స్కూటరు మీద వచ్చింది, వెనక తమ క్లినిక్ డాక్టరును కూర్చోబెట్టుకుని. డాక్టరు చూసి కాగితం రాశాడు. సరళ సంచిలోంచి మాత్ర తీసి, నలిపి, నీళ్ళలో కలిపి చెంచాతో నోట్లో పోసింది. "చేదుగా ఉంటుంది. మింగు. నాలుగు గంటలయ్యాక ఇంకోటి వేస్తాను," అంది కోయతో.

ముప్పావుగంటకు దవడ వదులైంది. గంటకు వేళ్ళు విచ్చుకున్నాయి. మధ్యాహ్నానికి గురక వినపడింది. వీధిలో ఒక్కొక్క కిటికీ తెరుచుకుంది.

బియ్యాత్తు మాత్రల పట్టీని అరచేతిలో పెట్టుకుని తిప్పి తిప్పి చూసింది. తెల్లటి, పెసరగింజంత మాత్ర.

"ఇంతేనా?" అంది. "ఇంత చిన్నదానికా పదకొండు రోజులు?"

సరళ స్కూటరు దగ్గరికి వెళ్తూ, రంలత్‌తో మాత్రం అంది. "ముందే ఫోను చేసి ఉండొచ్చుగా." తిట్టలేదు. అలా తిట్టకపోవడమే రంలత్‌కు తిట్టయింది.

కోయ మూడు రోజులు నిద్రా మెలకువల మధ్య బతికి, నాలుగో రోజు పొద్దున పోయాడు. నొప్పి లేకుండానే.

వారం తర్వాత రంలత్ వెళ్ళింది. బియ్యాత్తు తెల్లగుడ్డల్లో, భర్త పోయినవాళ్ళు పాటించే గడువు పూర్తయ్యేదాకా గడప దాటకుండా లోపలి గదిలో ఉంది. కూర్చోమంది. పాలు లేని కట్టన్ చాయ ఇప్పించింది. రంలత్ క్షమాపణ చెప్పుకోవాలని వచ్చింది, ఆ మాటలు వాక్యాలుగా పేర్చుకుని మరీ వచ్చింది. బియ్యాత్తు చెయ్యి ఎత్తి ఆపింది.

"వద్దు మోళే. నువ్వు మళ్ళీ బాగా చెబుతావు. నేను మళ్ళీ నమ్ముతాను. ఆ రోజు నీకంత బాగా మాట్లాడడం రాకపోయి ఉంటే మేం ఆ ఆసుపత్రి మంచం వదిలి వచ్చేవాళ్ళం కాదు. టీ తాగి వెళ్ళు."

మర్నాడు రంలత్ డాక్టర్ శశాంకన్ ముందు నిలబడింది. "మార్ఫిన్ వచ్చేదాకా నేనెవరితోనూ మాట్లాడను సార్. ఎవర్నీ ఇంటికి పంపను."

ఆయన కోప్పడలేదు. బల్ల మీద నాణ్యతా ప్రశంసాపత్రం అప్పుడే చట్రం కట్టించి తెచ్చి పెట్టారు. "సరే. నువ్వు అలిసిపోయావు. వార్డు డ్యూటీ చేసుకో. ఆ శిక్షణకు వచ్చే బ్యాచిలో నర్సు జిషను పంపుతున్నాను. చురుకైన పిల్ల."

రంలత్ ఆ సాయంత్రం అన్నక్కుట్టికి ఫోను చేసి అంతా చెప్పింది. దాచకుండా, సరళ సంగతితో సహా చెప్పింది. "మా ఆసుపత్రి నుంచి ఎవర్నీ చేర్చుకోకండి సిస్టర్. మీరు నేర్పేది వాళ్ళు దేనికి వాడుతున్నారో చూశారుగా."

అన్నక్కుట్టి అంతా విని అడిగింది.

"నన్నేం చేయమంటావే? రేపట్నుంచి మోటుగా మాట్లాడడం నేర్పమంటావా? జిష కాకపోతే శిక్షణే లేని ఇంకోదాన్ని కూర్చోబెడతారు ఆ గదిలో. నువ్వే ఒకసారి రా. తరగతికి నీ నోటితోనే చెప్పు. విననీ."

వెళ్ళింది. కొత్తగా వచ్చిన పదహారు మంది నర్సులు తెల్ల కాగితాలు ముందేసుకుని కూర్చున్నారు. మొదటి వరుసలో జిష. రంలత్ కుర్చీలో కూర్చుని చెప్పింది. సోమవారం చీటీలు, అనుమతి పత్రం, మంచం పట్టె మీద పంటి గాట్లు, పెసరగింజంత మాత్ర. ఎక్కడా మెత్తన చేయలేదు. వెనక వరుసలో ఒకామె కళ్ళు తుడుచుకుంది. గది గదంతా కదిలిపోయింది. తను ఎంత బాగా చెబుతోందో చెబుతుండగానే రంలత్‌కు తెలిసిపోయింది: ఆ రోజు కోయకు చెప్పినంత బాగా.

"ఏమన్నా అడగాలంటే అడగండి," అంది అన్నక్కుట్టి.

జిష లేచింది. ముఖం నిండా శ్రద్ధ, గొంతులో అక్కను పిలిచే చనువు. "ఇత్తా, ఆయన 'నొప్పి మళ్ళీ రాకూడదు' అన్నాడు కదా. ఆ చోట మీరు ఏ మాట వాడి ఉంటే బాగుండేది?"

పదహారు కలాలు కాగితాల మీద ఆగాయి. రంలత్ అన్నక్కుట్టి వైపు చూసింది. ఆవిడ నేల చూస్తోంది.

"ఏ మాటా లేదమ్మా," అంది రంలత్. "మందు లేదు. కాబట్టి ఆయన్ని పంపకుండా ఉండాల్సింది. అంతే."

"అవును ఇత్తా, అది తెలుసు," అంది జిష ఓపిగ్గా. "ఒకవేళ పంపక తప్పదనుకోండి. అప్పుడు?"