పెరగబోయే లాయరు కోటు

బడిపిల్లల యూనిఫారాలు కుట్టే టైలరుది ముప్ఫై ఏళ్లుగా ఒకటే పద్ధతి. కొలత ఎంతున్నా సరే, చేతులు నాలుగంగుళాలు పొడుగు పెట్టాల్సిందే. ఎవరైనా అడిగితే, "పెరిగే పిల్లలు కదండీ" అనేవాడు.

అలాంటివాడి కారు మూతి పచ్చడైంది. ఎత్తు రోడ్డు మీద సిగ్నల్ దగ్గర ముందు ఆగిన రొట్టెల వ్యాను ఉన్నట్టుండి వెనక్కి దొర్లుకొచ్చి గుద్దింది. వ్యాను డ్రైవరేమో, "నా వెనకే అంటుకుని వచ్చి ఇతనే గుద్దాడు" అని అడ్డం తిరిగాడు.

అప్పట్నుంచి యూనిఫారాల మూటలన్నీ టైలరు భార్య స్కూటరు మీదే బడులకు వెళ్తున్నాయి.

"లాయర్ని చూస్తారా, చూడరా? మూటే బండి నడుపుతోందని జనం పక్కకి తప్పుకుంటున్నారు!" అంది ఆమె.

మొదట వెళ్లిన పెద్ద లాయరు చెప్పిన ఫీజుకు ఇంకో కారే వచ్చేలా ఉంది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టవుతుందని ఇద్దరూ లేచి వచ్చేశారు. చివరికి తమ వీధిలోనే, జిరాక్సు షాపు పైగదిలో ఇంకో లాయరు దొరికాడు. ఆయన కోటు మోచేతి దగ్గర చిరిగి ఉంది. టైలరు భార్య చూపు సరిగ్గా అక్కడే ఆగింది.

"ఫీజుకు బదులు కొత్త కోటు కుట్టి ఇస్తాం లాయరుగారూ."

"గుడ్డ ఎవరిది?"

"మాదే."

"అయితే కేసు నాది!"

వాయిదా రోజు పొద్దున కోటు నేరుగా కోర్టుకే వచ్చింది. లాయరు వేసుకుని, వాదన మొదలుపెడుతూ చేతులు చాచాడు. అరచేతిలో వైకుంఠం చూపించాల్సిన మనిషికి అరచేతులే కనిపించలేదు.

"లాయరుగారూ, మీ చేతులేవి?" అన్నాడు జడ్జి.

"లోపలే ఉన్నాయి సార్!"

టైలరు భార్య మొగుడి తొడ గిల్లింది. "యాభై దాటిన మనిషి ఇంకా పెరుగుతాడనుకున్నారా?"

"నేను అనుకోలేదే, కత్తెర అనుకుంది" అని గొణిగాడు టైలరు. కారు సంగతి ఇక గోవిందా అని కళ్లు మూసుకున్నాడు.

మొగుడూ పెళ్లాల మాటలు లాయరు చెవిన పడ్డాయి. వేలాడే చేతిని జెండాలా ఊపుతూ డ్రైవరు వైపు తిరిగాడు.

"చూడవయ్యా! నాలాంటి ముసలాడికే పెరగడానికింత జాగా వదిలినవాడు, నీ వ్యానుకు మాత్రం జాగా వదలడా?"

డ్రైవరుకు నవ్వాగలేదు. "వదలకేం సార్, వదిలాడు! అంత దూరంలో ఆగితే వెనకెవరూ లేరనుకునే కదా బ్రేకు వదిలేశాను..."

డ్రైవరు నోరు మూసుకున్నాడు గానీ అప్పటికే ఆలస్యమైంది. కారు బాగుచేయించే ఖర్చంతా వ్యాను యజమానే ఇవ్వాలని తీర్పొచ్చింది.

మర్నాడు టైలరు సిగ్గుపడుతూ కత్తెర పట్టుకుని పైగదికి వెళ్లాడు. "ఇలా ఇవ్వండి లాయరుగారూ, చేతులు తగ్గించేస్తాను."

లాయరు కోటును గుండెలకు హత్తుకుని వెనక్కి జరిగాడు.

"ముట్టుకున్నావంటే ఊరుకోను! ఎల్లుండి పెద్ద కేసుంది. ఇంకో రెండంగుళాలు పెంచడానికి వీలవుతుందేమో చూడు."