పోలిక ఊరు

యామిని మూడోసారి వచ్చేసరికి పాపాయమ్మ కోడలికి తల దువ్వి, ఉతికిన చీర కట్టించి, అరుగుమీద కూర్చోబెట్టి ఉంచింది.

కొడుకు రాంబాబు తొంభై ఆరు తుపానులో వేటకి వెళ్ళి తిరిగి రాలేదు. శవం కూడా దొరకలేదు. అప్పటినుంచి కోడలు వీరదుర్గ పిలిస్తే పలకదు. ముద్ద కలిపి నోట్లో పెడితే తింటుంది. రెండుసార్లు రేవులో పీకల్లోతు నీళ్ళలోంచి పాపాయమ్మే జుట్టు పట్టి లాక్కొచ్చింది. ఇప్పుడు మధ్యాహ్నం కాస్త నడుం వాల్చాలన్నా తన కొంగు కోడలి కొంగుకి ముడివేసుకునే పడుకుంటోంది.

యామిని మనస్తత్వశాస్త్రం చదివిన పిల్ల. అమలాపురంలో ఒక సేవాసంస్థ తరఫున మూడు నెలలకోసారి వచ్చి, ఈ పేటలో తుపానుకి మనిషిని పోగొట్టుకున్న పన్నెండుమంది ఆడవాళ్ళనీ అవే ప్రశ్నలు అడిగి రాసుకుంటుంది. ఆ సంస్థే గోదావరి పాయకి అవతలి ఊళ్ళో ఒక పాక వేయించింది. అక్కడి ఆడవాళ్ళు వారానికి మూడు రోజులు అందులో కూర్చుని వలలు బాగుచేసుకుంటూ, పోయినవాళ్ళ గురించి చెప్పుకుని ఏడుస్తారు, నవ్వుతారు. రాజేశ్వరమ్మగారని ఒకావిడ దగ్గరుండి వింటుంది. అక్కడ ఆర్నెల్లు మూగగా ఉన్న చిన్నమ్మలు అనే ఆవిడ ఇప్పుడు ముమ్మిడివరం సంతలో చేపలకి బేరమాడుతోందని పడవ నడిపే బంగారరాజు చెప్పాడు. ఆ మాట విన్నాక పాపాయమ్మకి నిద్ర లేదు.

"పోయిన రెండుసార్లూ బాగానే ఉన్నామని చెప్పేనండి," అంది పాపాయమ్మ. "ఇంటికొచ్చిన మనిషి దగ్గర ఏడుపేటని. అందుకే మాకు పాక వెయ్యలేదు కామోసు. ఈసారి ఉన్నదున్నట్టు రాసుకోండి అమ్మాయిగారూ."

యామిని కోడలి వైపు తిరిగింది. "వీరదుర్గా, ఈ వారంలో ఎప్పుడైనా బతకడం దేనికనిపించిందా?"

"ఆయ్."

"ఎన్ని రోజులు?"

"రోజూనండి."

కొడుకు పోయాక ఆ పిల్ల నోట పాపాయమ్మ విన్న పెద్ద మాట అదే. యామిని తన పుస్తకంలో టిక్కు పెట్టింది.

"రాసుకున్నారు కదండీ. ఇంక పాకకి తీసుకెళ్తారా?"

"ముందు ఆసుపత్రిలో చూపించాలండి. నేను ఉత్తరం రాసిస్తాను."

"చూపించేనండి. మాత్రలిచ్చేరు. మింగితే పడుకుంటాది, లేస్తే మళ్ళీ ఇదే."

యామిని తల దించుకుంది. "మామ్మగారూ, మీది పోలిక ఊరండి. పాక వల్ల మేలు జరిగిందో, రోజులు గడిచి వాళ్ళే తేరుకున్నారో తేలాలంటే పాక లేని ఊరు ఒకటి పక్కన పెట్టి చూడాలి. ఏ ఊరన్నది చీట్లు వేసి తీశాం."

"ఏ దేవుడి ముందు తీసేరమ్మా?"

"దేవుడి ముందు కాదండి. ఆఫీసులో."

పాపాయమ్మకి చీట్లు కొత్త కాదు. వల వేసే చోట్లు ఏటా అమ్మవారి ముందు చీట్లు తీసే తేల్చుకుంటారు. చెడ్డ చోటు వచ్చినవాడు దణ్ణం పెట్టుకుని ఊరుకుంటాడు. ఎందుకంటే అది చేపల సంగతి.

"వచ్చే ఏడాది మీకూ వేస్తారండి. ఇంకో ఆరు నెలలు."

"అప్పటికి ఇది బతికుండాలి కదమ్మా!" పాపాయమ్మ పుస్తకం అంచు పట్టుకుంది. "దీని పేరు కొట్టేయండి. పోలికలో లేదనుకోండి. అప్పుడు అవతలికి రానిస్తారు కదా?"

"కొట్టేయొచ్చు. కానీ ఈ ఊళ్ళో అందరికన్నా బాధలో ఉన్నది వీరదుర్గేనండి. ఆ పేరు తీసేస్తే ఊరు కుదుటపడ్డట్టు కనబడుతుంది. పాక లేకపోయినా తేరుకుంటున్నారు కదా అని పైవాళ్ళు అనుకుంటే, మిగతా పదకొండు మందికీ పాక రాకపోవచ్చు."

పాపాయమ్మ చెయ్యి వదులైంది. పక్కింటి బుల్లెమ్మ గుర్తొచ్చింది. అదే తుపానులో పెనిమిటిని పోగొట్టుకుని కూడా, ఈ ఇంట్లో పొయ్యి వెలగని రోజుల్లో గంజి తెచ్చి పోసిన మనిషి. అంతర్వేది స్వామికి పాపాయమ్మ ఎన్నడూ ఎదురు చెప్పలేదు. ఇప్పుడు మాత్రం, ఒకరిని ఒడ్డుకి చేర్చాలంటే ఇంకొకరిని నీళ్ళలో వదలాలా స్వామీ అని అడగాలనిపించింది. అడిగినా, జవాబు కోసం ఆగే ఓపిక ఆమెకి లేదు.

"కొట్టేయండి," అంది.

యామిని ఆ పేరు మీద గీత గీసింది. "పదండి. రాజేశ్వరమ్మగారితో నేనే మాట్లాడతాను," అని లేచింది.

ముగ్గురూ రేవుకి వచ్చేసరికి బుల్లెమ్మ ఇసుకలో ఎండుచేపలు తిరగేస్తోంది. "ఏటండీ అమ్మాయిగారూ, మా ఇంటికి రాకుండానే ఎల్లిపోతన్నారా? కోడల్ని తీసుకుని ఎక్కడికి వదినా?"

"అవతలికి," అంది పాపాయమ్మ.

"పాకకా? ఎల్లు, ఎల్లు." బుల్లెమ్మ ముఖం వెలిగింది. "అక్కడ ఏటి చేస్తారో అన్నీ చూసొచ్చి చెప్పు. మాకూ వస్తాది కదా ఆర్నెల్లలో."

పాపాయమ్మ తలెత్తలేదు. కోడలి మణికట్టు వదలకుండా పడవెక్కి కూర్చుని, తొందరగా పోనిమ్మని బంగారరాజుని బతిమాలుకుంది.