ఆరువందల పూతలు

ఈ ఉదయానికి మా గుడిలో ఒక్కరికే చోటు మిగిలింది. నేను ఊపిరి గుమ్మం బయట వదిలేసి, పక్కకు తిరిగి లోపలికి వెళ్తున్నాను.

తప్పు గుడిది కాదు, మాది. ఆరువందల ఏళ్ళుగా ఇది సముద్రం ఒడ్డున ఉంది. ఏటా పండక్కి ముందు గుల్లలు కాల్చి, ఆ సున్నంతో లోపలి గోడలకు ఒక పూత వేస్తాం. పాత పూత గీకితే పాపమని మా నాయనమ్మ అనేది, అందుకని ఎవరూ గీకలేదు. గోడలు లావెక్కాయి, గుడి చిక్కిపోయింది.

ఇవాళ నా మనవరాలి జ్ఞానస్నానం. మా కోడలు లూర్దు పాపను ఎత్తుకుని గుమ్మంలో నిలబడింది. పక్కన మా గుడి ఫాదరు ఇన్నయ్య స్వామి తాళం పట్టుకుని ఉన్నారు.

"ఫిలోమినమ్మా, పాపా నేనూ పట్టకపోతే పట్నం గుడికి పోదాం. దీనికి ఇవాళే తాళం వేసేస్తాను."

నాకు ఏడుపొస్తుంది. మా ఇంట్లో పుట్టిన అందరి తల మీదా ఇక్కడే నీళ్ళు పడ్డాయి. పాపమైతే నాకే తగలనీ అనుకుని ఇంట్లోంచి అట్లకాడ తెస్తాను.

నిరుటి పూత ఉల్లిపొరలా ఊడుతుంది. దాని వెనక నుంచి, మూడు నెలల కిందట పోయిన మా ఆయన బాలశౌరి కుంచెతో బయటికొస్తాడు. ఆ పూత వేసింది ఆయనే. మనిషి కాస్త చిక్కాడు.

"అట్లకాడతోనా గీకేది? ఇటియ్యవే."

ఆయన గీకిన పూత వెనక నుంచి మా మామగారు వస్తారు. ఆయన గీకిన దాని వెనక నుంచి మా నాయనమ్మ వస్తుంది, ముఖం ముడుచుకునే గీకుతుంది. అలా ఒక్కో పూత వెనక నుంచి ఆ ఏడు అది వేసిన మనిషి వచ్చి, దాని కిందిది గీకుతారు. ఉప్పెన ఏటి పూతలో ఇసుక ఉంది. కరువు ఏటి పూత పలచగా ఉంది. సున్నంలో కలపాల్సిన గంజి ఆ ఏడు పిల్లలకు తాగించారట.

రాలిన పెళ్ళలన్నీ మళ్ళీ గుల్లలై సముద్రంలోకి నడిచిపోతాయి. గోడలు వెనక్కి జరుగుతాయి. మధ్యాహ్నానికి పీఠం మీది దీపం ఆమడ దూరంలో కనిపిస్తుంది.

ఇక మిగిలింది మొట్టమొదటి పూత. అది ఇంకా తడిగా ఉంది. వేలితో తడితే చప్పుడు రాదు. దాని వెనక రాయి లేదు, గోడే లేదు. గుడి మొత్తం ఆ ఒక్క పూత మీదే నిలబడి ఉంది.

మా ఆయన అట్లకాడ ఎత్తుతాడు.

"చాలయ్యా, ఇక గీకొద్దు," అంటాను. అంతమందీ ఆగుతారు. ఈయన నా మాట వినడం ఇదే మొదలు.

ఇన్నయ్య స్వామి చేతులు బార్లా చాపుకుని లోపలికొస్తారు.

"తాళం ఏది స్వామీ?"

"సముద్రంలో వేశానమ్మా."

ఒక్క ఆల్చిప్ప మాత్రం వెళ్ళకుండా ఉండిపోయింది. దానితోనే స్వామి పాప తల మీద నీళ్ళు పోస్తారు. పాప ఏడవదు. చెయ్యి చాపి తడి సున్నం మీద ఆనిస్తుంది.

ఆ చిన్న అరచేతి గుర్తులోంచి ఉప్పుగాలి వస్తుంది. అవతల నుంచి, నిలువునా తడిసిన నావికుడు ఒకడు తొంగిచూస్తాడు.

"అమ్మా, మా ఓడ పగిలింది. బతికి ఒడ్డున పడితే గుడి కడతామని మొక్కుకున్నాం. ఇక్కడ చోటుందా?"

"చోటా! కావలసినంత. లోపలికి రండి నాయనా, ఆ గుడి మా పాప ఇప్పుడే మొదలెట్టింది."

అతను తల వంచి ఆ అరచేతి గుర్తులోంచి లోపలికొస్తాడు. వెనకే పగిలిన ఓడ కూడా, తెరచాప దించుకుని, జాగ్రత్తగా గడప దాటుతోంది.