లైవ్ గొంతు

చేవెళ్ల బస్టాండు రోడ్డులో కల్యాణ్‌ది చీరల దుకాణం. కరోనా తర్వాత గిరాకీ పడిపోయింది. అప్పటి నుంచి రోజూ సాయంత్రం అతని భార్య స్వప్నిక ఫోను ముందు నిలబడి లైవ్‌లో చీరలు చూపిస్తోంది. "హాయ్ అక్కలూ, అందరు మంచిగున్నరా?" అని గొంతు సాగదీసి నవ్విందంటే ఆర్డర్లు వచ్చేవి. ఆ నవ్వు కోసమే చూస్తున్నామని కొందరు రాసేవారు కూడా. అత్త సావిత్రమ్మకు మాత్రం అది నచ్చేది కాదు.

"దుకాణమన్నంక చీర చూపియ్యాలె గని, నవ్వుకుంట పండ్లెందుకు చూపిచ్చుడు?" అని గొణిగేది.

ఆ రోజు మధ్యాహ్నం స్వప్నిక మొయినాబాద్ దవాఖానకు వెళ్లింది. చెల్లెలు శ్రీజకు ఐదో నెలలో గర్భం పోయింది. మంచం పక్కన కూర్చుని, చెల్లెలి చేయి పట్టుకుని, ఏమనాలో తోచకుండానే నోరు తెరిచింది.

"ఏం ఫికర్ చేయకు శ్రీజా, అంత సూపర్‌గ అయితది!"

అదే సాగదీత, అదే నవ్వు. అది లైవ్ గొంతని అన్నాక గానీ స్వప్నికకు తెలియలేదు. శ్రీజ గోడవైపు తిరిగి పడుకుంది.

"అక్కా, నాతోని గా గొంతుతోని మాట్లాడకే. నేను చీర కొననీకె రాలే."

తిరుగు బస్సులో స్వప్నిక కిటికీకి తల ఆనించి, ఇంతకుముందు తాను ఎట్లా మాట్లాడేదో గుర్తు చేసుకోవాలని చూసింది. గుర్తు రాలేదు.

"శ్రీజ ఎట్లున్నది?" అని అడిగాడు కల్యాణ్, ఆమె దుకాణంలోకి రాగానే.

"పండుకున్నది."

అతను గోడ గడియారం వైపు చూశాడు. "జర మొహం కడుక్కో. టైమయింది."

ఆమె మొదటి చీర భుజాన వేసుకుని లైటు ముందు నిలబడింది. 'అక్కా, నవ్వండి' అని కింద ఎవరో రాశారు. ఫోను వెనక నుంచి కల్యాణ్ తన పెదాలు చూపిస్తూ సైగ చేశాడు.

"ఇయ్యాల నవ్వొస్తలేదు," అంది స్వప్నిక. చీర జారి కింద పడింది. తీయలేదు. అక్కడే స్టూలు మీద కూలబడింది.

కల్యాణ్ కంగారుగా ఫోను అందుకోబోయాడు.

"ఉండనీ, బంద్ చేయకు," అంటూ సావిత్రమ్మ లోపలి నుంచి వచ్చింది. వంగి చీర తీసి, మడత విప్పి, ఫోనువైపు సూటిగా చూసింది. "ఇది నారాయణపేట చీర. రంగు పోదు. కావాలంటే తీస్కోండ్రి. మా కోడలికి పానం మంచిగ లేదు."

చాలామంది లైవ్ వదిలి వెళ్లిపోయారు. సావిత్రమ్మ మొహం చిట్లించుకునే ఇంకో చీర తీసింది.

స్వప్నిక వెనక గదిలోకి వెళ్లి శ్రీజకు ఫోన్ చేసింది.

"ఏందక్కా?"

"ఏం లేదే. ఊకెనే," అంది. గొంతులో ఆ సాగదీత లేదు. ఇంకో మాట అనబోతే ఏడుపొచ్చింది. అవతల శ్రీజ కూడా ఏడ్చింది. చాలాసేపటిదాకా ఇద్దరూ ఫోను పెట్టేయలేదు.

మర్నాడు సాయంత్రం స్వప్నిక మళ్లీ లైటు ముందు నిలబడింది. నవ్వు రాని చోట నవ్వలేదు. ఆర్డర్లు తగ్గాయి. ఈసారి సైగ చేయకుండా కల్యాణ్ తర్వాతి చీర అందించాడు.