అడగక్కర్లేని కార్డు

లిఫ్టు మెకానిక్‌కి వారమంతా ఒక ఎత్తు, శనివారం మధ్యాహ్నం ఒక ఎత్తు. మూడు కొట్టేసరికి చేతుల గ్రీజు రెండుసార్లు కడుక్కుని, మందుల షాపు పక్కనున్న ఇరుకు మెట్లెక్కి పైగదికి చేరేవాడు. అది రిటైరైన టీచరమ్మ గది. తలొక పాత్ర ఎంచుకుని కథలోకి దిగి ఆడే ఆట ఒకటి అక్కడ ఏడాదిన్నరగా నడుస్తోంది. టీచరమ్మ కథ చెబుతుంది: వంతెన సగం కూలింది, అవతల ఎవరో కాగడాలు పట్టుకుని నిలబడ్డారు, ఇప్పుడు మీరేం చేస్తారు? ఎవరి వంతులో వాళ్ళు తమ పాత్ర ఏం చేస్తుందో చెప్పి పాచిక వేస్తారు. పారితే సరే, పారకపోతే అనుభవించాల్సిందే.

ఆ కథలో మెకానిక్ కావలివాడు. కళ్ళద్దాల షాపులో పనిచేసే ఆవిడ వైద్యురాలు. మిగతా ఇద్దరు బేకరీ అన్నదమ్ములు. వాళ్ళు ఏ కథలోనైనా దొంగలే. ఆవిడకి అద్దాలక్క అనీ, ఇతనికి లిఫ్టన్న అనీ పేర్లు పెట్టిందీ వాళ్ళే.

అద్దాలక్కకి కథ ఇట్టే వంటబట్టింది గానీ నియమాలు తలకెక్కేవి కావు. నాలుగు ముఖాలది మొదలుకుని ఇరవై ముఖాలదాకా పాచికలే ఆరు రకాలు. తన వంతు రాగానే కళ్ళద్దాలు నెత్తిమీదికి తోసుకుని, పక్క కుర్చీలోని మెకానిక్ వైపు వంగి, "ఇప్పుడు ఏది వెయ్యాలండీ?" అని గుసగుసగా అడిగేది. అతను కావలసిన పాచికని వేలితో ఆవిడ ముందుకి జరిపేవాడు. "కట్టు కట్టాక కదలచ్చా?" "కదలచ్చు. పది అడుగులే." అంతే మాటలు. నలభై ఐదేళ్ళ మనిషి ఆ రెండు ముక్కల కోసం వారమంతా కళ్ళు కాయలు కాసేలా ఎదురుచూసేవాడు. పెళ్ళి మాట ఎత్తితే ఇంట్లోంచి జారుకునే మనిషి అని వాళ్ళక్కకి బెంగ. ఇది మాత్రం ఆమెకి తెలియదు.

ఆ వంతెన మీది పోట్లాట మూడు శనివారాలు సాగింది. ప్రతి వంతులోనూ ఎవరో ఒకరు పుస్తకం తిరగెయ్యడం, అద్దాలక్క ఆగిపోవడం. బేకరీ తమ్ముడు ఆవులింత ఆపుకోలేక, "మనం ఈ వంతెన దాటేలోపు మా ఓవెన్ తుప్పు పట్టిపోతుంది టీచరమ్మా," అన్నాడు. అద్దాలక్క తల దించుకుంది.

టీచరమ్మ మెకానిక్ వైపు తిరిగింది. "లిఫ్టు మధ్యలో ఆగిపోతే ఏం చెయ్యాలో లోపల నాలుగు ముక్కల్లో రాసి అతికిస్తారు కదా. అలాంటి కార్డు మనలో ఒక్కొక్కరికీ రాసిపెట్టండి. ఎవర్నీ అడక్కుండా ఎవరి వంతు వాళ్ళు ఆడుకునేలా."

ఎవర్నీ అడక్కుండా అన్న మాట దగ్గర అతను అద్దాలక్క ముందున్న పాచికల వైపు చూశాడు. అయినా, "అలాగేనండీ," అన్నాడు.

అతను ఉండేది అక్కాబావల ఇంట్లో, వెనక గదిలో. రాత్రి భోజనాలయ్యాక బల్ల తుడిచి అట్టముక్కలు పరిచాడు. అన్నదమ్ములవీ తనదీ గంటలో అయిపోయాయి. అద్దాలక్క కార్డు దగ్గర చెయ్యి ముందుకు సాగలేదు. పుస్తకంలో ఉన్న వరుస వేరు, ఆవిడ తడబడే వరుస వేరు. ఆ రెండోది అతనికి కంఠతా వచ్చు. అన్నిటికంటే పైన పాచికల బొమ్మలు గీసి, ఏది ఎప్పుడో పక్కనే రాశాడు. ఒక వంతులో ఒక పని, ఒక కదలిక. కట్టు కట్టాలంటే పక్కనే ఉండాలి. ఇలా ఒక్కొక్కటీ ఆవిడ గొంతు గుర్తు తెచ్చుకుంటూ రాశాడు.

నాలుగో రోజు కలం ఆగింది. నేలకొరిగిన మిత్రుణ్ణి ఎన్ని వంతుల్లోపు లేపచ్చు? ఆవిడ ఎక్కువసార్లు అడిగే ప్రశ్న అదే. అది ఒక్కటీ వదిలేస్తే ఎవరికి తెలుస్తుంది?

"ఒక్క అట్టముక్కకి నాలుగు రోజులా?" అంది అక్క, గిన్నెలు సర్దుతూ. "ఏం రాస్తున్నావురా, వీలునామానా?"

"ఆవిడ తికమక పడుతుందక్కా."

"ఎవరా ఆవిడ?"

"కళ్ళద్దాల షాపులో పనిచేస్తుంది."

అక్క మిగతా గిన్నెలు చప్పుడు కాకుండా పెట్టింది.

ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఒక్క బోల్టు కూడా కావాలని వదులుగా బిగించినవాడు కాడు అతను. ఆ వాక్యం కూడా రాశాడు, మిగతావాటికంటే పెద్ద అక్షరాలతో.

శనివారం అద్దాలక్క వంతు వచ్చింది. అతను అలవాటుకొద్దీ ఆ పక్కకి కాస్త ఒరిగాడు. ఆవిడ కార్డు మీద వేలు పెట్టి కిందికి జరుపుకుంటూ పెదాలతో చదువుకుంది. ఎనిమిది ముఖాల పాచిక తానే తీసి విసిరింది. అడగలేదు. ఆ రోజే కాదు, ఆ తర్వాతా అడగలేదు.

ఆవిడ ఆట మాత్రం ఒక్కసారిగా విచ్చుకుంది. ఒకరోజు తగలబడుతున్న ధాన్యపు కొట్టంలోకి దూరి శత్రువుల దళపతిని ఈడ్చుకొచ్చింది. గాయాలకి కట్టు కట్టి, మాటల్లో పెట్టి, తమ వైపు తిప్పుకుంది. అన్నదమ్ములు నోరు వెళ్ళబెట్టి చూశారు. ఇన్నాళ్ళూ ఈ మనిషి పాచికల దగ్గరే చిక్కుకుపోయిందన్నమాట అనుకున్నాడు మెకానిక్. కొన్నాళ్ళకి ఆవిడ కార్డు చదవడానికి వెలుతురు బాగుంటుందని కుర్చీని కిటికీ పక్కకి మార్చుకుంది. అక్కణ్ణించి ఆవిడ ముఖం అతనికి పూర్తిగా కనిపించేది. నవ్వే ముందు ఎడమ కనుబొమ ఒక్కటే లేస్తుందని అప్పుడే తెలిసింది. అతని పక్కన మాత్రం చోటు ఖాళీ.

వానలు మొదలయ్యాక షాపువాళ్ళు నది అవతల కొత్త బ్రాంచి తెరిచి, దాన్ని ఆవిడకి అప్పగించారు. బస్సులో గంటన్నర దారి, పైగా శనివారం సెలవుండదు. ఆవిడ రావడం ఆగిపోయింది. నెల తర్వాత ఫోన్ చేసింది. అక్కడ ఆదివారాలు తానే కథ చెబుతూ ఆట మొదలుపెడుతోందట. "మీ కార్డుల్లాంటివే ఆరు చేసిస్తారా?" అంది.

చేశాడు. తడిసినా పాడవకుండా లామినేషన్ చేయించి, ఒక మంగళవారం సెలవు పెట్టి తానే పట్టుకెళ్ళాడు. బస్సులో కూర్చున్నంతసేపూ ఒక్క మాట నాలుక మీద తిప్పుకున్నాడు: మీరు అడుగుతూ ఉంటేనే నాకు బాగుండేది.

ఆవిడ ఒక ముసలాయన కళ్ళజోడుకి స్క్రూ బిగించి పంపించి, అప్పుడు కవరు విప్పింది. కార్డులు ఒక్కొక్కటే చదివింది.

"మీకొకటి ఎప్పుడూ చెప్పలేదు," అంది. "కార్డు రాకముందు ప్రతి శనివారం ఆ మెట్లెక్కుతూ, ఇవాళైనా ఆయన్ని అడక్కుండా ఉండాలి అనుకునేదాన్ని. చిన్నపిల్లలా పీడిస్తున్నానని ఎంత సిగ్గుగా ఉండేదో. మీరు ఒక్కసారీ విసుక్కోలేదు. అందుకు ఇంకా కష్టంగా ఉండేది. మానేద్దామని కూడా అనుకున్నాను."

బస్సులో తెచ్చుకున్న మాట అతని లోపలే ఉండిపోయింది. తను వారమంతా దాచుకు బతికిన ఆ కాసేపు ఆవిడకి అలా గడిచిందా? గోడనిండా ఉన్న ఫ్రేముల వైపు చూస్తూ నిలబడ్డాడు.

చివరికి, "మీరు కథ చెబితే వినాలని ఉంది," అన్నాడు. "చోటుంటే చెప్పండి."

ఆవిడ చేతిలోని ఆరు కార్డులూ బల్లమీద సర్ది పెట్టింది. "ఆరుగురూ నిండిపోయారండీ," అంది మెల్లగా. "ఎవరైనా మానేస్తే మొదటి ఫోను మీకే. ఊరికే అనడం లేదు."

నాలుగు నెలలు గడిచాయి. శనివారాలు అతను టీచరమ్మ గదికి వెళ్ళి వస్తూనే ఉన్నాడు. ఒక సాయంత్రం అక్క అడిగింది, "ఆదివారం మీ బావ మేడమీద ట్యాంకు పైపు మార్చాలంటున్నారు. ఒక చెయ్యి వేస్తావా?"

"శనివారం పొద్దున్నే చేసేద్దామక్కా. ఆదివారాలు ఖాళీగా ఉంచుకుంటున్నాను."

"ఎందుకురా?"

"నది అవతల ఒక ఆట ఉంది."

"రమ్మన్నారా?"

"ఇంకా లేదు."

అక్క తమ్ముడి ముఖంలోకి చూసింది.

"సరే, శనివారమే అని మీ బావకి చెబుతాలే," అంది.