ఆఖరి ఆల్టర్నేటర్

డెల్బర్ట్ తన విమానాన్ని తనే చెడగొట్టుకుంటున్నాడని మేవిస్ అన్నదట. ఆ మాట మోసుకొచ్చినవాడు ఆమె మొగుడు ఎమిల్. గడ్డకట్టిన సరస్సు మీదుగా అవతలి ఒడ్డు నుంచి నడిచి వచ్చి, గుమ్మంలో బూట్ల మంచు దులుపుకుంటూ డెల్బర్ట్ పెళ్ళాం వర్నాతో చెప్పాడు.

"నువ్వు వెళ్ళిపోతావని భయమట నీ మొగుడికి. అందుకని ఎగిరినప్పుడల్లా ఏదో ఒకటి తగలేస్తున్నాడట. నా మాట కాదమ్మాయ్, అది మేవిస్ మాట."

"మోసుకొచ్చినందుకు కాఫీ పోస్తాను, కూర్చోండి," అంది వర్నా. నవ్వలేదు.

నవ్వే ఓపిక ఆమెకు లేదు. ఫెయిర్‌బ్యాంక్స్ పట్నంలో ఒక ఆసుపత్రి వంటశాలలో పని దొరికింది. పెళ్ళయిన నాటి నుంచీ ఈ అడవిలో దుప్పి మాంసం ఉడకేసుకుంటూ, చలికాలమంతా ఒకే మొహం చూస్తూ బతికిన మనిషికి, తనకంటూ ఒక పని. నెలాఖరులోగా రాకపోతే ఇంకొకరిని పెట్టుకుంటామని వైర్‌లెస్ రేడియోలో ఖరాఖండిగా చెప్పేశారు. బయటపడే దారేదీ? పారే నది మీద మంచు సరస్సు మీదలా ఇంకా గట్టిపడలేదు, బండి దింపితే మునగడమే. మిగిలింది ఒడ్డున, చక్రాల బదులు మంచు మీద జారే స్కీల మీద నిలబడ్డ డెల్బర్ట్ విమానం ఒక్కటే.

అద్దె విమానానికి కబురు పెడదామని ఆమె అనకపోలేదు.

"ఇంటి ముందు సొంత విమానం పెట్టుకుని అద్దె విమానమా? ఊరంతా నవ్వదూ?"

"ఏ ఊరు డెల్బర్ట్? మేవిస్సా?"

దానికతను తలుపు తీసుకుని కొట్టంలోకి పోయాడు.

విమానం ఎగరక కాదు. ఎగిరి, కొండలు దగ్గరపడే వేళకి ఎర్రదీపం వెలిగేది. ఇంజన్‌తో పాటు తిరుగుతూ కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ చచ్చిపోయేది. ఇంజన్ ఆగదు గానీ, రేడియో పనిచేసేది బ్యాటరీలో పస ఉన్నంతసేపే. ఆ స్థితిలో మబ్బుల్లోంచి కనుమ దాటడానికి ఎవరికి గుండెలుంటాయి? డెల్బర్ట్ వెనక్కి తిప్పేవాడు. వర్నా తన సంచీ దించుకుని, ఆరిన పొయ్యి మళ్ళీ రాజేసేది. అతను కొట్టంలోని తుక్కులోంచి ఇంకో ఆల్టర్నేటర్ వెతికి బిగించేవాడు. అదీ పోయేది. బెల్టు మార్చాడు, కరెంటును అదుపు చేసే రెగ్యులేటర్ మార్చాడు, తీగలన్నీ వేళ్ళతో తడిమాడు. మొత్తం మూడు కాలిపోయాయి. ఎమిల్ భుజాన వేలాడుతున్నది నాలుగోది. చూపు మందగించి విమానం అమ్మేసుకున్నప్పుడు మిగుల్చుకున్న సామానులోది. ఇది కూడా పోతే సరస్సు చుట్టుపక్కల ఇంకొకటి లేదు.

"కొత్తది పెట్టే ముందు నాకొకటి చూపించు," అన్నాడు ఎమిల్, విమానం ముక్కు మూత తీసి ఉండగా. "పొద్దున లేచినప్పటి నుంచీ ఏమేం చేస్తావో అన్నీ వరసగా చెయ్యి. ఏదీ వదలకు."

"చిన్నపిల్లాణ్ణా నేను, పాఠం అప్పజెప్పడానికి?"

"పిల్లాడైతే వినేవాడు. ఊఁ, కానివ్వు."

డెల్బర్ట్ గొణుక్కుంటూ ఇంట్లోకి వెళ్ళాడు. పొయ్యి పక్కన గోనె మీదున్న బ్యాటరీని బిడ్డలా పొట్టకు ఆనించుకుని తెచ్చాడు. అక్కడ చలికాలంలో అందరూ అంతే. రాత్రి బ్యాటరీని బయట వదిలితే తెల్లారేసరికి ఇంజన్ తిప్పే సత్తువ ఉండదు. అందుకని సాయంత్రం ఊడదీసి ఇంట్లో పెట్టుకుంటారు, పొద్దున బిగిస్తారు. అతను తీగలు రెండూ తగిలించి, తొడుగులున్న వేళ్ళతోనే మరలు తిప్పి మూత వేయబోయాడు.

"ఆగు." ఎమిల్ తన వేలొకటి పెట్టి నెట్టాడు. తీగ కొస గిర్రున తిరిగింది. "ఇదేనా బిగించడం?"

"ఊడిపోలేదుగా. రాత్రికి మళ్ళీ తియ్యాల్సిందే, రెంచీతో బిగిస్తే ఆ చలిలో తీసేదెవడు?"

వర్నా లాంతరు దగ్గరికి పట్టింది. "వేసవిలో ఒక్కటీ పోలేదు," అంది మెల్లగా. "వేసవిలో బ్యాటరీ తియ్యం."

"అదీ!" ఎమిల్ తొడ చరిచాడు. "పాలు పొంగుతున్నాయి, కింద గిన్నె ఉంది. ఆ గిన్నె బ్యాటరీ. కుదుపుకి ఈ తీగ ఒక్క క్షణం వదిలిందనుకో, గిన్నె లాగేసినట్టే. పుట్టిన కరెంటు పోవడానికి చోటు లేక ఎగదన్ని, ఆల్టర్నేటర్ కడుపులో డయోడు బిళ్ళల్నే కాల్చేస్తుంది. ఎన్ని మార్చినా అంతే. దొంగని ఇంట్లో పెట్టుకుని తలుపులు మారుస్తున్నావురా నువ్వు."

వర్నాకు ఒక్కసారిగా ఊపిరాడినట్టయింది. వెంటనే సిగ్గేసింది. మేవిస్ మాటని తను సగం నమ్మింది మరి. "దొరికింది కదా డెల్బర్ట్!" అంది.

అతను రెంచీతో మర బిగిస్తూనే ఉన్నాడు. బిగిసిన మరనే ఇంకా ఇంకా బిగించాడు. తలెత్తలేదు.

మర్నాడు నాలుగో ఆల్టర్నేటర్ పెట్టి, బ్యాటరీ తీగలు రెంచీతో బిగించి ముగ్గురూ బయల్దేరారు. కరెంటు కొలిచే సూదిని తనే కనిపెట్టుకుని ఉంటానని ఎమిల్ వెనక సీట్లో ఇరుక్కుని, ముందుకు వంగి, ముక్కు ఆనించేంత దగ్గరగా చూస్తున్నాడు. సరస్సు చిన్నదైంది. తమ ఇంటి పొగ సన్నని దారమైంది. వర్నా సంచీని ఒళ్ళో పెట్టుకుని ఎర్రదీపం కేసే చూస్తోంది. కొండలు దగ్గరయ్యాయి. మునుపు తిప్పేసిన చోటు దాటారు. దీపం వెలగలేదు.

"కదల్లేదు సూది," అన్నాడు ఎమిల్. "అతికించినట్టుంది."

కనుమ ఎదురుగా తెరుచుకుని ఉంది. రెండు శిఖరాల మధ్య ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది. సరిగ్గా అప్పుడు ఎడమ రెక్క కిందికి వాలింది. కిటికీలో కొండలు పక్కకి జరగడం మొదలుపెట్టాయి.

"ఏంటిది?" అంది వర్నా.

"మబ్బు పట్టేలా ఉంది. రేపు చూద్దాం."

"ఎక్కడ మబ్బు?"

"నీకు తెలీదు. కనుమలో ఇట్టే కమ్మేస్తుంది. ఎమిల్, నువ్వు చెప్పు."

ఎమిల్ సూది మీంచి చూపు తిప్పలేదు.

వర్నా సంచీ పట్టీని చేతికి చుట్టుకుంది. గొంతు పెంచలేదు, ఇంజన్ హోరులో వినబడేంత మాత్రమే అంది: "నేను పోవడం నీకిష్టం లేదు. ఆ ముక్క ఇంట్లో చెప్పి ఉంటే మూడు ఆల్టర్నేటర్లు మిగిలేవి, నేను నడిచైనా పోయేదాన్ని."