చేదెక్కిన తేనె

శ్రావణమేఘములు తూర్పుకనుమల శిఖరములపై నానిన కంబళులవలె వ్రాలి సూర్యమండలమును మఱుగుపఱుపగా కొండవాగులు జేగురువన్నె నీటిని మోసికొనివచ్చి వరిమళ్ల గట్లు తెంచుచుండెను. వెదురుపొదలనుండి జాఱు నీటిబొట్ల సవ్వడియు మడుగులలోని మండూకఘోషయు సందెవేళల దోమల రొదయు నేకమై యా మన్యపుసీమ నంతయు నొక మందమైన మూలుగుతో నింపివేసెను. కవులు కొనియాడు వర్షర్తువు కొండక్రింది గుమ్మలవలసకు చలిజ్వరముతోడనే వచ్చును. ఆ దినములలో నే యింటి యరుగు చూచినను గొంగడి కప్పుకొని దంతములు టకటకలాడ వణకు మానవాకార మొకటి కానవచ్చుచుండెను.

ఆ గ్రామమున కళ్లేపల్లి సోమనాథశాస్త్రి యను వైద్యు డుండెను. పండితుడు నిష్ఠాపరుడు పిలువకయే రోగుల యిండ్లకు పోవు దయాళువు. అయినను ధర్మాసుపత్రికి ముఖలింగమను డాక్టరు వచ్చినది మొదలు ఆయన హృదయమున నొక ముల్లు నాటుకొనెను. జనులు కొయినా యని పిలుచు క్వినైను పొడికై యటు పోవ నారంభించి యాయన కంటబడకుండ పెరటి సందుల గుండ తిరిగి పోవుచుండిరి. ఎదుటనే పోయియుండినచో శాస్త్రి సహించియుండును. వారు తన మనస్సు నొవ్వకుండుటకై బురదసందులు త్రొక్కుచుండుటను మాత్ర మాయన సహింపలేకపోయెను.

కావున నాయన నేలవేము తిప్పతీగ పర్పాటకములతో నొక నూతన కషాయమును కల్పించి దాని ఫలమును పరీక్షించుటకు డాక్టరునే సాక్షిగ నుండుమని కోరెను. గొర్లె అప్పలస్వామి యను రైతు ఆ కషాయమును తేనె యనుపానముగ కలిపికొని సేవింపవలెను. డాక్టరు వాని జ్వరమును ప్లీహమును పరిశీలింపవలెను. పరీక్ష ముగియువఱకు క్వినైను వాని నాలుక నంటరాదు. యువకుడయ్యు గర్వ మెఱుగని ముఖలింగము సంతోషముతో నందుల కంగీకరించెను.

అప్పలస్వామికి జ్వరము విడిచెను. వాడు నాగలి భుజమున వైచికొని రచ్చబండకడ నిలిచి ఊరివారితో, "ఆ కసాయం తాగినోడికి జొరం నిలస్తాదేటి? ఆ సేదుకి దడిసి దానంతటదే పారిపోతాది!" అని నవ్వుచుండెను. ఆ నవ్వు వీథివెంట వినవచ్చినపుడెల్ల శాస్త్రి ముఖమున చిరకాలమునకు వెలుగు తోచుచుండెను.

ఒకనాటి యుదయమున డాక్టరు స్వయముగ శాస్త్రి యింటికి వచ్చెను. "శాస్త్రులవారూ, ఒక్క రోగితో శాస్త్రం తేలదు, ఆ మాట తమకీ తెలుసు. కాని నా దగ్గర క్వినైను అడుగంటింది. ఉన్నది ఈ ఊరికే చాలదు. కొండమీద పనసలపాడులో మంచానికొకరు పడి ఉన్నారట. తమ కషాయం కాచి ఇస్తే రేపు పొద్దున్నే కావిళ్లతో పైకి తీసుకుపోతాను."

తన విద్యను వేడుకొనుచు ఆసుపత్రి తన గుమ్మమునకు వచ్చినదన్న యానందముతో శాస్త్రి యప్పుడే మూలికల బుట్టను ముందునకు లాగికొనెను. "అంతకంటెనా!" అనెను.

ఆ మధ్యాహ్న మాయన మూలికలు కడిగి యారవైచి, అప్పలస్వామి నాడి మఱొకసారి చూచుటకై వాని యింటికి పోయెను. వాడు పొలమునకు పోయియుండెను. వాని భార్య పైడమ్మ వసారాలో చోళ్లు చెఱుగుచుండెను. గూటిలో అనుపానపు తేనెగిన్నె యింకను మిగిలియుండెను. రోగి కిచ్చినది తిరిగి చేత పట్టినపుడు దానిని నాలుకకు తాకించి గాని పాఱవేయరాదని యాయన గురువు మర్యాద. శాస్త్రి కొనవ్రేలితో తేనెను తీసికొని నాలుకపై నుంచెను. మొదట మాధుర్యము తోచెను. వెంటనే దాని వెనుకనుండి వేఱొక చేదు నాలుక మొదలంట పట్టుకొనెను. అది నేలవేము చేదు కాదు. ఏ యాకునకును ఏ వేరునకును సంబంధింపని యా చేదును గుర్తుపట్టుట కాయనకు పాండిత్య మక్కఱలేకపోయెను.

"పైడమ్మా, ఈ తేనెలో ఏం కలిపావే?"

ఆమె చేట నేలపై బెట్టి లేచి నిలిచెను. "కోప్పడకండి బాబూ. మావోడు ఒల్లెరక్కుండా పేలాపనలు పెట్టినాడు. నాకు గుండె జారిపోనాది. తపాలాయనకాడ అమ్మే కొయినా పొట్లం అట్టుకొచ్చినాను. మీ కసాయంలో ఎయ్యడానికి సెయ్యి రాక తేనెలో కలిపీసినాను."

"నీ మగడికి తెలుసునా?"

"ఆడికేటి తెలుస్తాది? సేదు పెరిగినాదేటని అడిగితే శాస్తుర్లుగారు దినుసు పెంచినారన్నాను. నిజివే గావాలనీసి ఇంకో గుక్కెడు తాగినాడు." ఆమె నవ్వబోయి యాయన ముఖము చూచి నిలిచిపోయెను. "మీకు సెప్పేద్దును గానీ బాబూ, మీ మనసు సిన్నబోతాదని…"

ఆ మాట శాస్త్రిని కొట్టినట్లయ్యెను. పెరటి సందులలో నడచువారి దయయే యీ యింటిలో తేనెయై తనకు విజయమును ప్రసాదించినది. నిన్నటిదాక తాను తలయెత్తుకొని నడచినది ఒక యాడుది తనపై చూపిన జాలి నానుకొనియే. ఆయన వాకిలివైపు చూచి ఎవ్వరును లేకుండుట నిశ్చయించుకొని, ఇంతకు మునుపెన్నడును ఆ యింటివారితో మాటాడని యొక సన్నని గొంతుతో, "ఎవరితోనూ అనకు" అనెను.

"నానెందుకంతాను బాబూ? మీ మాట పోతే మా ఊరి మాట పోయినట్టు కాదేటి?"

ఇంటికి నడచుచుండగా నాయన మనస్సు తన్ను కాపాడుకొనుటకు దొంగవలె నొక్కొక్క తలుపును త్రోసి చూచుచుండెను. కషాయ మేమియు చేయలేదనుటకు సాక్ష్య మేమున్నది? పొట్లములోని పొడి నకిలీది కారాదా? రెండును కలిసి పనిచేసి యుండరాదా? ఈ తర్కములలో నే యొక్కటియు నసత్యమని నిరూపింపదగినది కాదు. అందువలననే యవి యాయనకు ప్రియములయ్యెను. అయినను పనసలపాటి రోగులు ఈ తర్కమును త్రాగి బ్రదుకజాలరని యాయన యెఱుగును. ఎఱిగియు పొయ్యి రాజవేసెను. మూలికలు క్రాగెను. కుండలు నిండెను.

మఱునాటి యుదయమున ఆసుపత్రి వాకిట కావళ్లు సిద్ధముగ నుండెను. ఊరివారు గుమిగూడి చూచుచుండిరి. అప్పలస్వామి యొక కావడిబద్దను తానే సవరించుచుండెను. వాని వెనుక పైడమ్మ మినపసున్ని మూట పట్టుకొని నిలిచియుండెను. పనసలపాడు ఆమె కన్నవారి యూరు; డాక్టరు పైకి పోవుచున్నాడని విని వారికై యా మూట తెచ్చెను. అచ్చటి రోగులకు పోవునవి యీ కషాయపు కుండలని యప్పుడే వినిన యామె మొగము పాలిపోయి మాటిమాటికి శాస్త్రివైపు చూచుచుండెను.

బోయీలు కావళ్లు భుజముల కెత్తబోవునంతలో శాస్త్రి ముందునకు వచ్చెను. "ఆగండి. రాత్రి ఉక్కకు కషాయం పులిసింది. రోగులకు పనికిరాదు." ఇట్లని తన చేతులతోనే కుండలను బురదలో కుమ్మరించెను.

డాక్టరు క్షణకాలము నివ్వెఱపడి యాయన చేతులు పట్టుకొనెను. "మఱొకరైతే పులిసిందని తెలిసి కూడా పంపేవారు. ఉన్న క్వినైను నేనే పైకి తీసుకుపోతాను. వచ్చే సంతనాటికి తమరు మళ్లీ కాచి ఉంచండి. శాస్త్రులవారూ, నిజాయితీ అంటే ఇదీ!"

జనులు తలలూపిరి. ఒక ముదుసలి, "ధర్మపెబువు!" అనెను. శాస్త్రి యా పొగడ్తను వారింపక, "సరే, కాచి ఉంచుతాను" అనెను. రోగులు రక్షింపబడిరి కీర్తియు దక్కెను అని తోచిన యా నిమిషముననే యాయనకు తన శరీరమంతయు నొరులదివలె అసహ్యమయ్యెను.

అప్పుడు పైడమ్మ మూట క్రింద పెట్టి ముందునకు వచ్చెను. "డాకటరు బాబూ, మల్లా కాయించకండి. మావోడికి జొరం తగ్గినాది కసాయంతో కాదు. తేనెలో నాను కొయినా కలిపీసినాను. తప్పు నాది. శాస్తుర్లుగారికేటీ తెలీదు."

"ఓసి నీ జిమ్మడ!" అని అప్పలస్వామి కావడిబద్ద విడిచి యామెపై లేచెను. "ఊరంతా తిరిగి సెప్పుకున్నానే! పదిమందిలో నా నోట మన్నెట్టీసినావు గదే! అంత మారాజు మందుకి ఎసరెట్టినావేటి?"

"నువ్వు సస్తే ఆ మాట అనడానికైనా ఉందువేటి?" అని యామె యెదురాడెను.

కొందఱు నవ్విరి. డాక్టరు మాత్రము నవ్వక శాస్త్రివైపు తిరిగి మిక్కిలి గౌరవముతో, "తమకీ సంగతి తెలియదు కదండీ?" అనెను. ఆ ప్రశ్నయే యొక తెఱచిన ద్వారమువలె నుండెను. అచ్చట నున్న ప్రతిజనుడును ఆయన దానిగుండ బయటపడవలెనని కోరుకొనుచుండెను. తల యొక్కసారి యాడించిన చాలును. పైడమ్మ కన్నులు గూడ నదే ప్రాధేయపడుచుండెను.

"తెలుసు" అనెను శాస్త్రి. "నిన్న మధ్యాహ్నమే తెలిసింది. ఎవరితోనూ అనవద్దని దీంతో నేనే అన్నాను. కషాయం పులవలేదు."

వానజల్లు మొదలయ్యెను. అప్పలస్వామి కొట్టుట కెత్తిన చేతిని ఎక్కడ దించవలెనో తెలియక తల గోకికొనెను. డాక్టరు కన్నులు వాల్చి క్వినైను డబ్బాను గుడ్డలో చుట్టుకొని పైడమ్మ మూటనుగూడ నందుకొని బోయీలతో కొండదారి పట్టెను. తన్నెవరైన దూషించినచో నా దూషణ నొక శిక్షగ స్వీకరించి తేలికపడుదునని శాస్త్రి వేచియుండెను. ఎవ్వరును దూషింపలేదు. జనులు వానకు చెదరిపోయిరి.

ఆసుపత్రి మెట్లపై గొంగడి కప్పుకొని వణకుచున్న యొక చెవిటి యవ్వ జరిగినదేమో యెఱుగక యాయనవైపు చేయి చాచెను. "సూడు బాబూ, ఇయాల మరీ ఎక్కువగుంది."

శాస్త్రి యామె మణికట్టు పట్టుకొనెను. వ్రేళ్లక్రింద నేదియో వేగముగ కొట్టుకొనుచుండెను. అది యామె నాడియో తన నెత్తురో యాయనకు తెలియరాలేదు. కొంతసేపటి కామెను భుజము పట్టి లేవనెత్తి యింతవఱకెన్నడును త్రొక్కని యా మెట్ల నెక్కి లోపలికి కొనిపోయి డాక్టరు తిరిగి వచ్చువఱకు నామె ప్రక్కనే నేలపై కూర్చుండెను. లోకముచే త్యజింపబడినవాడు లోకమును విడిచి పోగలడు. తన్నింకను నమ్మి చేయి చాచువా రున్నవాడు మాత్ర మెచ్చటికిని పోజాలక యా చేతిని పట్టుకొనియే సిగ్గుపడవలసియుండును.